బ్యాండ్ నుంచి సోలోకి: వీడియో సంగతి తర్వాత, ముందు ఆ మూడు పాటల లెక్క తేల్చుకో

తమ్ముడూ, నీ ప్రశ్న నిదానంగా చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్. నీకు ఇరవై నాలుగేళ్ళు. కాలేజీ రోజుల నుంచి విశాఖలో రెండు బ్యాండ్లలో పాడుతూ, రిథమ్ గిటార్ వాయిస్తూ వచ్చావు. సొంతంగా రాసుకుని ట్యూన్ కట్టిన పాటలు ఎనిమిది ఉన్నాయి. అందులో మూడు బ్యాండ్‌తో స్టేజీ మీద పాడినవే, వాటిలో ఒకటి యూట్యూబ్‌లో బ్యాండ్ పేరుతో ఉంది. చేతిలో లక్షా ఎనభై వేలు ఉన్నాయి. ఐదు పాటల ఈపీ (చిన్న ఆల్బమ్) చేసి, ఒకదానికి మంచి వీడియో తీయాలని ఆలోచన. హైదరాబాద్‌కి మకాం మార్చాలా, ఆ మూడు పాటలు వాడుకోవచ్చా, ఏ పేరుతో రావాలి అని అడిగావు. లీడ్ గిటారిస్టు "ఏట్రా, మా పాటలట్టుకుని ఎల్లిపోతావా" అన్నాడని కూడా రాశావు.

నేను ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించి, తర్వాత సౌండ్ వైపుకి వచ్చినవాణ్ణి. పెళ్ళి స్టేజీల దగ్గర్నుంచి బీచ్ రోడ్డు షోల దాకా మిక్సర్ వెనక నిలబడి, బ్యాండ్ల నుంచి బయటికొచ్చి సోలోగా మొదలుపెట్టిన పిల్లల్ని చాలామందిని చూశాను. నిలదొక్కుకున్నవాళ్ళకీ మధ్యలో వదిలేసినవాళ్ళకీ గొంతులో పెద్ద తేడా లేదు. బ్యాండ్‌లో కొన్ని నిర్ణయాలు ఎవరూ తీసుకోకుండానే జరిగిపోతుంటాయి. పాట ఏ శ్రుతిలో ఉండాలి, ఎక్కడ ఆగాలి, ఓనర్ని డబ్బులు ఎవరు అడగాలి, అసలు పాట ఎవరిది. సోలో అనేసరికి అవన్నీ ఒక్కసారిగా నీ నెత్తిన పడతాయి. కూర్చుని ఒక్కొక్కటీ తేల్చుకున్నవాళ్ళు నిలబడ్డారు. ముందు వీడియో వదిలేద్దాం, మిగతావి అవే సర్దుకుంటాయి అనుకున్నవాళ్ళ చేతిలో ఒక వీడియో, ఒక అప్పు మిగిలాయి.

అందుకే నువ్వు రెండో ప్రశ్నగా అడిగిన ఆ మూడు పాటల సంగతిని నేను ముందుకు తెస్తున్నాను.

పాట అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, 1957 కాపీరైట్ చట్టం లెక్కలో అందులో మూడు వేర్వేరు ఆస్తులున్నాయి. సాహిత్యం రాసినవాడిది. సంగీతం కట్టినవాడిది. రికార్డింగ్, దాన్ని చేయించడానికి పూనుకుని బాధ్యత తీసుకున్నవాడిది. నీ విషయానికొస్తే మాటలు నీవి, అందులో గొడవ లేదు. యూట్యూబ్‌లో ఉన్న రికార్డింగ్ నలుగురూ తలా ఇంత వేసుకుని స్టూడియోలో చేసింది కాబట్టి అది ఉమ్మడి. దాన్ని నీ ఛానెల్లో పెట్టుకోవడం గానీ, అందులోని డ్రమ్స్ ట్రాక్ తీసి నీ కొత్త పాటకి అతికించడం గానీ మిగతావాళ్ళు ఒప్పుకోకుండా కుదరదు. అదే పాటని నువ్వు మళ్ళీ మొదటి నుంచి కొత్తగా రికార్డు చేస్తే అది వేరే రికార్డింగ్, దానికి వేరే ఐఎస్‌ఆర్‌సీ నంబరు (ఒక్కో రికార్డింగ్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) వస్తుంది.

చిక్కంతా సంగీతం దగ్గరే. "ట్యూన్ నాదే" అంటావు, నిజమే కావచ్చు. కానీ పల్లవి అవగానే వచ్చే ఆ గిటార్ బిట్, జనం బయటికెళ్తూ కూనిరాగం తీసేది, అది ఎవరు కట్టారు? లీడ్ గిటారిస్టు కోపం అక్కడి నుంచే వస్తోందని నా అనుమానం. ఇద్దరు కలిసి చేసి, ఎవరి ముక్క ఎంతో విడదీయలేనంతగా కలిసిపోయిన సంగీతాన్ని చట్టం ఉమ్మడి రచన అంటుంది. అప్పుడు ఒకరు ఒప్పుకోకపోతే రెండోవాడు దాన్ని ఎవరికీ ఇవ్వలేడు. ఉమ్మడి కొబ్బరితోట సంగతి తెలుసుగా, కాపు లేనన్నాళ్ళూ హద్దుల గురించి ఎవరూ మాట్లాడరు. నీ పాటకి ఇంకా కాపు రాలేదు. తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

నలుగురినీ ఎక్కడైనా టీకి కూర్చోబెట్టు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ చర్చ పెట్టకు, అక్కడ ప్రతి మాటా తిట్టులాగే వినిపిస్తుంది. పాటకొక కాగితం రాయండి. భాష ఇంత సాదాగా ఉంటే చాలు: "ఫలానా పాట. సాహిత్యం పూర్తిగా ఫలానా వారిది. సంగీతం ఫలానా 80 శాతం, పల్లవి తర్వాతి గిటార్ బిట్‌కి గాను ఫలానా 20 శాతం. యూట్యూబ్‌లో ఉన్న బ్యాండ్ రికార్డింగ్ మీద నలుగురికీ సమాన హక్కు. ఈ పాటని ఫలానా వారు కొత్తగా రికార్డు చేసి విడుదల చేసుకోవడానికి మిగతావారికి అభ్యంతరం లేదు. బ్యాండ్ ఈ పాటని స్టేజీ మీద ఎప్పుడైనా పాడుకోవచ్చు." తేదీ, నలుగురి సంతకాలు. స్టాంపు పేపరు మీదైతే మరీ మంచిది. చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. వాళ్ళ కోపం శాతాల గురించి కాదు, రేపు వాళ్ళ సెట్‌లో ఆ పాట ఉండదేమోనన్న భయం. 20 అడిగితే 20 ఇచ్చెయ్, 25 అడిగినా ఇచ్చెయ్. పేరు కూడా వెయ్. ఈ ఊళ్ళో డ్రమ్మర్లు ఎంతమంది ఉన్నారో నీకు నేను చెప్పక్కర్లేదు, ఆరు నెలల తర్వాత నీకు మీ డ్రమ్మరే కావాలి.

కుదరలేదనుకో. ఆ బిట్ తీసేసి కొత్త ఇంటర్‌లూడ్ కట్టుకో. లేదా ఆ మూడూ పక్కన పెట్టి మిగతా ఐదుతో రా. నన్నడిగితే, మొదటి విడుదలకి బ్యాండ్ వాసన లేని పాటే మేలు.

రిజిస్ట్రేషన్ గురించి ఒక్క మాట. పాట రాసి, కట్టిన క్షణం నుంచే హక్కు నీది, రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. కావాలంటే కాపీరైట్ ఆఫీసులో సాహిత్యానికో సంగీతానికో ఒక్కోదానికి 500 రూపాయలు, రికార్డింగ్‌కి 2,000 రూపాయల ఫీజు. ఇప్పుడే ఆ ఖర్చు వద్దంటాను. పాట పుట్టినప్పుడు ఫోన్‌లో పాడుకున్న వాయిస్ మెమోలు ఉంటాయిగా, వాటిని చెరపకుండా తేదీలతో సహా ఒక చోట దాచు. రేపు పేచీ వస్తే అవే నీ సాక్ష్యం.

ఇక పాట దగ్గరికి వద్దాం. నువ్వు అడగలేదు గానీ, ఈపీ కంటే ముందు తేలాల్సింది ఇదే.

ఎనిమిది పాటల్నీ ఒక్క గిటార్‌తో, కూర్చుని పాడు. ఫోన్‌ని అవతలి గోడ దగ్గర పెట్టి రికార్డు చెయ్. ఫ్యాన్ ఆపకు, కిటికీ మూయకు. మర్నాడు విను. మొదట చూడాల్సింది మాటలు అర్థమవుతున్నాయా అని. బ్యాండ్ గాయకుల్లో చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. డ్రమ్స్ మీంచి వినబడాలని గట్టిగా పాడటం అలవాటైపోయి, చరణం కూడా పల్లవిలాగే అరిచేస్తారు. పక్కన డ్రమ్స్ లేనప్పుడు ఆ గొంతు వినేవాణ్ణి గోడకి తోసేస్తుంది. చరణాన్ని ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్తున్నట్టు పాడి, పల్లవికి గొంతు తెరిచి చూడు. పాట తనంతట తానే ఎత్తు అందుకుంటుంది.

రెండోది శ్రుతి. నీ పాట 'ఈ' (E) శ్రుతిలో ఎందుకుంది? నీ గొంతుకి బాగుందనా, లీడ్ గిటార్‌కి ఓపెన్ తీగలు దొరుకుతాయనా? చాలా బ్యాండ్లలో రెండో కారణమే. పల్లవిలో పైస్వరం దగ్గర మెడ నరాలు ఉబ్బుతున్నాయంటే ఒకటిన్నర, రెండు స్వరాలు కిందికి దించు. కేపో, అదే గిటార్ మెడకి బిగించి శ్రుతి మార్చుకునే క్లిప్పు, వాడటానికి సిగ్గుపడకు. గాయకుడికి కేపో పనిముట్టు, గిటారిస్టులు నవ్వితే నవ్వనీ.

మూడోది ఖాళీలు. లీడ్ సోలో వచ్చే పదహారు బార్ల దగ్గర ఇప్పుడు నువ్వు ఒక్కడివే నాలుగు గిటార్ కార్డులు (chords) కొట్టుకుంటూ ఉంటావు. వినేవాడు ఫోన్ తీసేది సరిగ్గా అక్కడే. సోలో మొత్తం తీసెయ్. ఐదు నిమిషాల పాట మూడున్నరకి దిగుతుంది, నష్టమేమీ లేదు. వాయించిన ముక్కని మళ్ళీ మళ్ళీ మోగించే లూపర్ పెడల్ కొనుక్కుంటే ఆ ఖాళీ నింపుకోవచ్చుగా అంటావని తెలుసు. కొనుక్కో, కానీ ఏడాది తర్వాత. ఇప్పుడే లూపర్ వచ్చిందంటే పాట వదిలేసి పెడల్ నేర్చుకుంటావు.

తెలుగు గురించి కాస్త చాదస్తంగా మాట్లాడతాను, ఓర్చుకో. ఇంగ్లీషు పాటలు పాడి వచ్చిన గొంతుల్లో 'ళ'లు 'ల'లైపోతాయి, 'ణ'లు 'న'లైపోతాయి. బ్యాండ్ హోరులో అది కలిసిపోయేది, ఒక్క గిటార్ పక్కన కొట్టొచ్చినట్టు వినబడుతుంది. హ్రస్వాలూ అంతే. 'కల' అన్న మాట మొదటి అక్షరాన్ని సాగే స్వరం మీద కూర్చోబెడితే వినేవాడికి 'కాల' వినిపిస్తుంది. స్వరం మార్చు, లేదా అక్కడికి దీర్ఘం ఉన్న మాట తీసుకురా. ఇంకొకటి, నీ పాటలన్నీ నాలుగు బీట్ల స్ట్రమ్మింగ్ మీదే ఉన్నాయేమో చూసుకో. మన మాట మూడు, నాలుగు మాత్రల నడకలో హాయిగా నడుస్తుంది. గురజాడ ముత్యాల సరం నడిచేది దాని మీదే. అలా మూడూ నాలుగూ కలిపి ఏడు బీట్లలో ఒక్క పాట కట్టి చూడు, నీ గిటార్ నీకే కొత్తగా వినిపిస్తుంది. సొంత మాట, సొంత బాణీ, సొంత గొంతు మన ఉత్తరాంధ్రలో ఇవాళ పుట్టింది కాదు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథలు తానే రాసి, తానే బాణీ కట్టి, తానే ఆడి పాడారు. వంగపండు ప్రసాదరావు గారు రాసిన పాటని గజ్జె కట్టి తానే జనంలోకి తీసుకెళ్ళారు. సింగర్-సాంగ్‌రైటర్ అన్న మాట కొత్తదే గానీ పని పాతదే.

ఇప్పుడు ఆ లక్షా ఎనభై వేలు. వీడియోకి పెట్టకు. భీమిలి రోడ్డు మీద బైకు, కైలాసగిరి మీద సూర్యోదయం, పైనుంచి డ్రోన్. విశాఖలో తీసిన ఇండీ వీడియోలన్నీ పక్కపక్కన పెడితే పాట మారింది తప్ప వీడియో మారలేదనిపిస్తుంది. పైగా ఇది నేవీ ఊరు. నౌకాదళ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల దాకా డ్రోన్ ఎగరేయడం నిషేధం. ఊళ్ళోని ఎయిర్‌పోర్టు ఉన్నదే ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ విమాన స్థావరంలో. కెమెరామన్ "ఏం కాదు సార్" అంటాడు, పోలీసులొస్తే నీ పాట పేరే రాసుకుంటారు. ఒకే చోట కూర్చుని, ఒకే షాట్‌లో, లైవ్‌గా పాడిన వీడియో ఫోన్‌తో తీసినా చాలు, ఆడియో మాత్రం విడిగా శుభ్రంగా రికార్డు చెయ్.

నేనైతే ఒక నలభై వేలు సామానుకి పెడతాను. మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే రెండు ఛానెళ్ళ ఆడియో ఇంటర్‌ఫేస్, షూర్ ఎస్ఎం 58 మైకు, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, స్టాండు, గిటార్‌ని మిక్సర్‌కి కలిపే ఒక డీఐ బాక్సు. కండెన్సర్ మైకు కొనమని యూట్యూబ్‌లో అందరూ చెప్తారు. వాళ్ళ గదులు వేరు. మన అపార్ట్‌మెంట్లో అది నీ గొంతుతో పాటు పక్కింటి కుక్కర్ విజిల్, కింద ఆటో, పైన ఫ్యాన్, అన్నీ రికార్డు చేస్తుంది. ఎస్ఎం 58 దగ్గరగా పెట్టుకుని పాడితే గొంతు తప్ప మిగతాది పెద్దగా పట్టదు, అదే మైకు షోలకీ పనికొస్తుంది. రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత లైసెన్సు కూడా పెద్ద ధర కాదు.

ఇంకో అరవై వేలు మూడు పాటల మిక్సింగ్ (ట్రాకులు కలపడం), మాస్టరింగ్ (చివరి మెరుగు), అవసరమైతే ఒక వయొలిన్‌కో వేణువుకో. ఐదు పాటల ఈపీ వద్దు. మూడు పాటలు, విడివిడిగా, రెండేసి నెలల ఎడంతో. కొత్తవాడి ఈపీలో జనం మొదటి పాట విని ఆగిపోతారు, మిగతా నాలుగూ పుట్టిన రోజే పాతవైపోతాయి. మాస్టర్ చేసేవాడిని సౌండ్ పెంచు, పెంచు అని పీడించకు. స్పాటిఫై మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది, నువ్వు పిండి పిండి పెంచిన సౌండ్‌ని అది దించేస్తుంది, పిండినప్పుడు పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాదు. మిగిలిన ఎనభై వేలూ ముట్టుకోకు. షోలు లేని నెలలు ఉంటాయి.

సామాను మాట వచ్చింది కాబట్టి సముద్రం గాలి గురించి చెప్పాలి. లాసన్స్ బే వైపు ఉంటున్నానన్నావు. గిటార్‌ని గోడకి తగిలించకు, బ్యాగులో సిలికా జెల్ పొట్లాలతో పెట్టు, పొట్లాలు తడిసి బరువెక్కితే మార్చు. మామూలు తీగలు ఇక్కడ వారాల్లో తుప్పు పడతాయి, కోటింగ్ ఉన్న తీగలు ఖరీదెక్కువైనా చివరికి అవే చవక. వానాకాలంలో తీగల ఎత్తు పెరిగి వేళ్ళు నొప్పెడుతుంటే వాయించడం మర్చిపోయావనుకోకు, చెక్క ఉబ్బి ఉంటుంది.

పాట విడుదలకి డిస్ట్రిబ్యూటర్ కావాలి. ట్యూన్‌కోర్, డిస్ట్రోకిడ్ లాంటివాళ్ళు ఏడాదికింత తీసుకునో, వాటా తీసుకునో అన్ని యాప్‌లలోకీ పంపుతారు, ఐఎస్‌ఆర్‌సీ నంబరూ వాళ్ళే ఇస్తారు. కనీసం మూడు, నాలుగు వారాల ముందు అప్‌లోడ్ చెయ్. స్పాటిఫై ఎడిటర్లకి పాట పంపుకునే వీలు విడుదలకి ముందే ఉంటుంది, కనీసం 7 రోజుల ముందు పంపితే నిన్ను ఫాలో అయ్యేవాళ్ళకి వచ్చే కొత్త పాటల జాబితా 'రిలీజ్ రాడార్'లో నువ్వు చెప్పిన పాట చేరుతుంది. గీత రచయిత, స్వరకర్త గడుల్లో పూర్తి పేర్లు నింపు, కాగితం మీద ఒప్పుకున్న పేర్లతో సహా. భాష తెలుగు అని పెట్టడం మర్చిపోకు, చాలామంది ఇంగ్లీషు అనే వదిలేస్తారు.

డబ్బుల మీద భ్రమ పెట్టుకోకు. 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకి స్పాటిఫై రాయల్టీ లెక్కే కట్టదు, 2024 నుంచి అదే పద్ధతి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్. యూట్యూబ్ అడిగే అమెరికా టాక్స్ ఫారం నింపకుండా వదిలేస్తే అమెరికా వీక్షణల మీదే కాదు, మొత్తం ఆదాయం మీదే కోసేయొచ్చు, పది నిమిషాల పని, నింపెయ్. ఒక పాట విడుదలవగానే ఐపీఆర్ఎస్‌లో గీత రచయితగా, స్వరకర్తగా రెండు విధాలా సభ్యత్వానికి దరఖాస్తు చెయ్. 1969లో పెట్టిన సొసైటీ అది, నీ పాట హోటల్లోనో టీవీలోనో మోగితే రచయితకి, స్వరకర్తకి రావాల్సింది వసూలు చేసేది వాళ్ళే.

ఏదైనా లేబుల్ వాడు ఫోన్ చేస్తే సంబరపడు, సంతకం మాత్రం పెట్టకు. హక్కుల బదిలీ రాతలో ఉండి సంతకమైతేనే చెల్లుతుంది. అందులో కాలం రాయకపోతే 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే అనుకుంటుంది. అందుకే వాళ్ళ కాగితంలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు ముందే ఉంటాయి. వాటి కింద గీత గీసి, ఇన్నేళ్ళకి అని అడుగు. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్తల రాయల్టీ వాటాని ఒప్పందంలో రాయించుకుని లాగేసుకోవడం చెల్లదు. ఆ క్లాజు కనిపిస్తే ఆ కంపెనీ ఎలాంటిదో తెలిసిపోతుంది.

కడుపు నింపేది షోలే. సిరిపురం, బీచ్ రోడ్డు కెఫేలు, రుషికొండ నుంచి భీమిలి దాకా రిసార్టులు, మధురవాడ ఐటీ కంపెనీల ఫ్యామిలీ డేలు, పరవాడ వైపు ఫార్మా వాళ్ళ ఫంక్షన్లు, నేవీ పార్టీలు, కాలేజీ ఫెస్టులు, పెళ్ళిళ్ళ సంగీత్‌లు. అందరికీ కావాల్సింది సినిమా పాటలే. దానికి బాధపడకు, సిగ్గు అసలే పడకు. పదిహేను పాటల సెట్‌లో మూడు నీవి పెట్టు. మొదటి పాట నీది కాకూడదు. అందరూ గొంతు కలిపే పాట ఒకటయ్యాక, ఆ వేడి చల్లారకముందే "ఇది నేను రాసుకున్న పాట" అని ఒక్క ముక్క చెప్పి మొదలుపెట్టు. కథ చెప్పకు, ఎలా పుట్టిందో చెప్పకు. సెట్ అయ్యాక ఎవరైనా వచ్చి "మధ్యలో పాడారే, అదేం పాట?" అని అడిగితే ఆ పాటనే ముందు విడుదల చెయ్. నీ స్నేహితుల ఓటింగ్ కంటే ఇది నమ్మకమైన లెక్క.

కెఫేలో సౌండ్ ఎలా ఉంటుందో చెప్తాను. మూలన నాలుగు ఛానెళ్ళ మిక్సర్, దాని మీద టీ మరకలు, ఒక ఛానెల్ ఓనర్ బ్లూటూత్ పాటలకి, ఇంకొకటి పనిచేయదు. నీ మైకు, నీ డీఐ, రెండు మంచి కేబుళ్ళు, ఒక మల్టీప్లగ్ బోర్డు నీ బ్యాగులోనే ఉండాలి. గంట ముందు వెళ్ళు. ముందు గొంతు సెట్ చెయ్, తర్వాత గిటార్. బ్యాండ్‌లో అలవాటు కొద్దీ అందరూ గిటార్‌తో మొదలుపెట్టి, దాని మీంచి గొంతు లేపబోయి స్పీకర్లలో కూత (ఫీడ్‌బ్యాక్) తెప్పిస్తారు. మైకు ఛానెల్లో లో-కట్ బటన్ ఉంటే నొక్కెయ్, బరబర పోతుంది. గిటార్ కూడా బేస్ తగ్గించు, బేస్ ప్లేయర్ లేడు కదా అని పెంచావంటే గదంతా డబ్బాలా మోగుతుంది. స్పీకర్ నీ వెనక ఉంటే దాన్ని ముందుకి జరిపించు, లేదా నువ్వే దాని వెనక్కి జరుగు. ఓనర్ మొహమాటపెడతాడు, "టేబుల్ పోతుంది సార్" అంటాడు. కూత వస్తే నాలుగు టేబుళ్ళు పోతాయని చెప్పు. ఆరుబయట బీచ్ వైపు షో అయితే మైకుకి స్పాంజి తొడుగు తప్పనిసరి, ట్యూనర్ గిటార్ తలకి తగిలించేదే తెచ్చుకో, గాలి హోరులో ఫోన్ ట్యూనర్ పిచ్చి లెక్కలు చూపిస్తుంది. రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ నిషేధం కాబట్టి, రిసార్టు వాళ్ళు "పదకొండు దాకా పాడండి" అన్నా నీ సొంత పాటలు తొమ్మిదిన్నర లోపలే పాడెయ్.

డబ్బు మాట నువ్వే మాట్లాడాలి. ఇదివరకు మీ డ్రమ్మరో ఇంకొకరో మాట్లాడేవాడు కదా. షో ఖాయమైన రోజే వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టు: తేదీ, ఎన్ని గంటలు, ఎంత, సగం అడ్వాన్స్, సౌండ్ ఎవరిది, రద్దయితే అడ్వాన్స్ తిరిగివ్వనని. అవతలివాళ్ళు "ఓకే" అని కొడితే చాలు. "మీకు ఎక్స్‌పోజర్ వస్తుంది" అనేవాడి దగ్గర కనీసం ఆటో ఖర్చు, భోజనం, వీడియో ఫుటేజ్ అడుగు. ఆ మూడూ ఇవ్వనివాడికి నమస్కారం పెట్టెయ్. కంపెనీ షోలకి టీడీఎస్ కోసుకుని ఇస్తారు, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకో, చాలామంది కుర్రాళ్ళు దాన్ని అలాగే వదిలేస్తున్నారు. జీఎస్టీ బెంగ ఏడాదికి 20 లక్షలు దాటాక పడదాం.

హైదరాబాద్ ఇప్పుడే వద్దు. సినిమా ట్రాక్ పాడే పనులు, పెద్ద స్టూడియోలు, ఇండీ షోలు అక్కడే ఎక్కువ, కాదనను. చౌరస్తా బ్యాండ్‌లో ఉన్న రామ్ మిరియాల ఇవాళ సొంత పేరుతో సినిమాలకి పాడుతూ, సంగీతం ఇస్తూ ఉన్నారు. కానీ ఆయన అక్కడి జనంలో బ్యాండ్‌తో ముందే పేరు తెచ్చుకుని ఆ అడుగు వేశారు. నిన్ను ఎరిగిన నాలుగైదు వందల మంది ఈ ఊళ్ళో ఉన్నారు. అక్కడికెళ్తే గది అద్దెకి సినిమా కవర్లు పాడుతూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మూడు పాటలూ ఇక్కడి నుంచే విడుదల చెయ్. అక్కడ షో దొరికితే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళి, పాడి, మర్నాడు ఎక్కి వచ్చెయ్. వరసగా పిలుపులు వస్తుంటే అప్పుడు ఇల్లు వెతుక్కోవచ్చు.

ఇక పేరు. బ్యాండ్ పేరు తోక తగిలించకు, అది వాళ్ళకే ఉండనీ. నీ సొంత పేరు బాగానే ఉంది, కాకపోతే స్పాటిఫైలో, యూట్యూబ్‌లో ఒకసారి వెతుకు. అదే పేరుతో ఇంకో గాయకుడు ఉంటే మీ ఇద్దరి పాటలూ ఒకే పేజీలో కలిసిపోతాయి, విడదీయించడానికి మెయిళ్ళ మీద మెయిళ్ళు పెట్టాలి. అలా ఉంటే ఇంటి పేరు చేర్చు. జనం తెలుగు పేర్లనీ ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు కాబట్టి స్పెల్లింగ్ ఒకటి ఖాయం చేసుకుని పోస్టర్, ఇన్‌స్టాగ్రామ్, డిస్ట్రిబ్యూటర్ ఖాతా, అన్నిచోట్లా అదే వాడు. ఒకచోట 'హెచ్' పెట్టి ఇంకోచోట తీసేయకు. ట్రేడ్‌మార్క్ వినోద కార్యక్రమాలకి 41వ తరగతిలో వస్తుంది, వ్యక్తులకి ఆన్‌లైన్‌లో ఫీజు 4,500 రూపాయలు. మూడో పాట బయటికొచ్చాక కూడా అదే పేరుతో కొనసాగాలనిపిస్తే అప్పుడు వెయ్యొచ్చు.